పాఠకుల ప్రశ్నలు: దెస్నా చెర్నిహీవ్ కథ

ప్రశ్న: యూరోపా లీగ్ పాత ఫలితాలు చూస్తుండగా 2020 సెప్టెంబరులో జర్మనీ జట్టు వోల్ఫ్స్‌బర్గ్‌తో ఆడిన దెస్నా అనే ఉక్రెయిన్ జట్టు పేరు కంటబడింది. రెండేళ్ల తర్వాతి ఉక్రెయిన్ ప్రీమియర్ లీగ్ పట్టికలో మాత్రం ఆ పేరే లేదు. ఈ జట్టు ఎక్కడిది? దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుపగలరు.

జవాబు: దెస్నా చెర్నిహీవ్ నగరపు జట్టు. రాజధాని కీవ్‌కు ఉత్తరాన, రోడ్డు మార్గంలో సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, బెలారుస్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న నగరమిది. 907లో బైజాంటియంతో కుదిరిన ఒప్పందంలోనే దీని ప్రస్తావన ఉంది. 11వ శతాబ్దంలో కట్టిన ప్రధాన దేవాలయం ఇప్పటికీ నిలిచి ఉంది. యుద్ధానికి ముందు ఇక్కడి జనాభా సుమారు 2,85,000. నీపర్ నదికి ఎడమ వైపు నుంచి వచ్చి కలిసే ఉపనదులన్నిటిలో పొడవైన దెస్నా ఈ నగరాన్ని ఒరుసుకుంటూ పారుతుంది; జట్టుకు ఆ నది పేరే పెట్టారు.

చెర్నిహీవ్‌కు లీగ్ స్థాయి జట్టు 1960లో ఏర్పడింది. అప్పట్లో సోవియట్ యూనియన్ మొత్తానికీ ఒకటే అగ్రశ్రేణి లీగ్ ఉండేది. దానికింద, దేశంలోని ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క మండలంగా విడదీసిన దిగువ అంచెల్లో, జిల్లా కేంద్రాల స్థాయి నగరాల జట్లు ఆడేవి. దెస్నా సోవియట్ కాలమంతా ఆ దిగువ అంచెల్లోని ఉక్రెయిన్ మండలంలోనే గడిచింది. 1970 తర్వాత ఆ పేరు కొన్నేళ్లపాటు లీగ్‌లో కనిపించకుండా పోయి, 1977లో మళ్లీ మొదలైంది. రాజధాని కాని నగరపు జట్టు అగ్రస్థానానికి ఎదగడం ఆ వ్యవస్థలో అసాధ్యమని చెప్పలేము, ఎందుకంటే వొరొషిలోవ్‌గ్రాద్ (నేటి లుహాన్స్క్) జట్టు జోర్యా 1972లో ఏకంగా సోవియట్ చాంపియన్ అయింది. కాని అది అరుదులో అరుదు, చెర్నిహీవ్‌కు ఆ అవకాశం దరిదాపుల్లోకి కూడా రాలేదు.

స్వతంత్ర ఉక్రెయిన్ తొలి చాంపియన్‌షిప్ 1992లో జరిగింది. ఆనాటి నుంచి పాతికేళ్లపాటు దెస్నా రెండో అంచె అయిన ఫస్ట్ లీగ్‌కూ మూడో అంచె అయిన సెకండ్ లీగ్‌కూ మధ్య పైకీ కిందికీ తిరుగుతూ ఉండిపోయింది. మూడో అంచెలో తన విభాగాన్ని 1996–97లో ఒకసారి, 2005–06లో మరోసారి, 2012–13లో ఇంకోసారి గెలిచి పైకి వచ్చింది. ఇన్నేళ్లలో అగ్రశ్రేణిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మా దృష్టిలో చిన్న క్లబ్బు చరిత్రను ట్రోఫీలతో కొలవడం సరికాదు. వచ్చే సీజన్‌కు జట్టు ఉంటుందా, దాని లీగ్‌లోనే ఉంటుందా, సొంత మైదానంలో ఆడుతుందా అన్న మూడు ప్రశ్నలకు ప్రతి ఏడాదీ దొరికే సమాధానమే దాని చరిత్ర. ఈ శీర్షికలోని మిగతా జవాబులు కూడా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: ఈ జట్టు నుంచి పేరున్న ఆటగాళ్లు ఎవరైనా వచ్చారా?

జవాబు: ఇద్దరి పేర్లు తప్పక చెప్పుకోవాలి. 1981, 1982 సంవత్సరాల్లో దెస్నాకు ఆడిన రక్షకుడు ఒలెహ్ కుజ్నెత్సోవ్ ఆ తర్వాత డైనమో కీవ్‌కు వెళ్లి, 1986లో అట్లెటికో మాడ్రిడ్‌ను 3–0తో ఓడించి యూరప్ కప్ విన్నర్స్ కప్ గెలిచిన జట్టులో కీలకమైనవాడయ్యాడు. 1988 యూరో పోటీలో సోవియట్ జట్టు ఫైనల్ చేరడంలో అతని పాత్ర పెద్దది. నిషేధం వల్ల ఆ ఫైనల్ మాత్రం ఆడలేకపోయాడు. తర్వాత స్కాట్లాండ్‌లోని రేంజర్స్‌కు వెళ్లాడు.

రెండోవాడు ఆంద్రీ యార్మొలెంకో. పుట్టింది లెనిన్‌గ్రాద్‌లోనే అయినా పెరిగింది చెర్నిహీవ్‌లో. బాల్యంలో డైనమో కీవ్ అకాడమీకి వెళ్లి, అక్కడ నిలదొక్కుకోలేక ఇంటికి తిరిగి వచ్చి, 2006–07 సీజన్‌లో దెస్నా తరఫున ఫస్ట్ లీగ్‌లో ఆడి, అదే డైనమో మళ్లీ పిలిచేలా చేసుకున్నాడు. ఉక్రెయిన్ జాతీయ జట్టుకు అత్యధిక గోల్స్ చేసినవారిలో షెవ్‌చెంకో తర్వాతి స్థానం అతనిదే. ఒక పెద్ద అకాడమీ వద్దనుకున్న పిల్లవాడికి సొంత ఊళ్లోనే వృత్తి ఫుట్‌బాల్ ఆడే జట్టు ఒకటి ఉండడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు. దెస్నా లేకపోతే అతనికి ఆ రెండో అవకాశం ఎక్కడ దొరికేదో ఊహించడం కష్టం.

ప్రశ్న: ఫస్ట్ లీగ్‌లో రెండో స్థానం సాధించినా దెస్నాను పై లీగ్‌లోకి రానివ్వలేదని ఎక్కడో చదివాను. మైదానంలో గెలిచిన జట్టును ఆపడం న్యాయమేనా?

జవాబు: మీరు చదివింది నిజం. 2016–17 సీజన్‌లో మరియుపోల్ మొదటి స్థానంలోనూ, దెస్నా రెండో స్థానంలోనూ నిలిచాయి. ప్రీమియర్ లీగ్‌లో ఆడడానికి పాయింట్లు చాలవు; సమాఖ్య ఇచ్చే ధ్రువీకరణ పత్రం కూడా కావాలి. మైదానం, ఆర్థిక స్థితి, యువజట్లు, సిబ్బంది అర్హతలు వంటివన్నీ పరిశీలించి దాన్ని ఇస్తారు. ఆ పత్రం దెస్నాకు దక్కలేదు. దాంతో మూడో స్థానంలో ఉన్న వెరెస్ రివ్నే పైకి వెళ్లింది.

నియమం ఉండడం తప్పని మేము అనము. ఉక్రెయిన్‌లో సీజన్ మధ్యలోనే డబ్బు అయిపోయి ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేక మూతపడిన క్లబ్బులు ఎన్నో ఉన్నాయి. పెద్ద పేర్లకు కూడా ఆ గతి తప్పలేదు: 2015లో వార్సాలో సెవియాతో యూరోపా లీగ్ ఫైనల్ ఆడి 2–3తో ఓడిన ద్నిప్రో, అప్పుల కారణంగా ఫీఫా విధించిన శిక్షలతో 2017లో మూడో అంచెకు దిగిపోయి, 2019 నాటికి ఉనికే కోల్పోయింది. కనుక ముందుగా పరిశీలించడం ఆటగాళ్ల మేలుకే. అయితే ఆ పరిశీలన నిలకడను ఎంతవరకు పసిగట్టగలిగిందన్నది వేరే ప్రశ్న. దెస్నా బదులు పైకి వెళ్లిన వెరెస్, సొంత నగరంలో తగిన స్టేడియం లేక ఇంటి మ్యాచ్‌లను ల్వీవ్‌లో ఆడి, ఆరో స్థానంలో నిలిచి కూడా, 2018 వేసవిలో తన ప్రీమియర్ లీగ్ స్థానాన్ని ఎఫ్‌సీ ల్వీవ్‌కు ఇచ్చి తాను దిగువ లీగ్‌కు వెళ్లిపోయింది. అదే 2017–18 సీజన్‌లో ఫస్ట్ లీగ్‌లో రెండో స్థానం పొందిన పోల్తావా, ప్లేఆఫ్‌లో (పై లీగ్‌లో చోటు ఎవరిదో తేల్చే అదనపు పోటీలో) ఒడెసాకు చెందిన చొర్నొమొరెత్స్‌ను ఓడించి పై లీగ్ అర్హత సంపాదించిన వెంటనే జట్టునే రద్దు చేసుకుంది. ఓడిన చొర్నొమొరెత్స్ ఆ విధంగా ప్రీమియర్ లీగ్‌లో మిగిలిపోయింది.

ఈ గందరగోళం మధ్య దెస్నా చేసిన పని మెచ్చుకోదగినది. జట్టును చెదరనివ్వకుండా, 2012 నుంచి ఉన్న కోచ్ ఒలెక్సాండర్ ర్యాబోకోన్‌నే కొనసాగిస్తూ, 2017–18లో మూడో స్థానంలో నిలిచి, ప్రీమియర్ లీగ్ జట్టు జీర్కా క్రొపివ్నిత్స్కీని ప్లేఆఫ్‌లో ఓడించి, ఈసారి పత్రంతో సహా పైకి వచ్చింది. క్లబ్బు పుట్టిన 58 ఏళ్లకు చెర్నిహీవ్ నగరం మొదటిసారి అగ్రశ్రేణి ఫుట్‌బాల్‌ను చూసింది.

ప్రశ్న: అంత చిన్న జట్టు రెండేళ్లలోనే నాలుగో స్థానానికి ఎలా చేరింది? అది అదృష్టమా?

జవాబు: అదృష్టం కాదు. మొదటి సీజన్ 2018–19లో 12 జట్లలో 8వ స్థానం పొందింది. రెండో సీజన్‌లో షాఖ్తార్, డైనమో, జోర్యాల తర్వాత నాలుగో స్థానానికి వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం 22 రౌండ్ల తర్వాత పట్టికను రెండుగా విడగొట్టి, పై ఆరు జట్లు తమలో తాము మళ్లీ ఆడేవి. కాబట్టి చివరి నెలల్లో బలహీనమైన జట్ల మీద పాయింట్లు కూడబెట్టుకునే వీలు లేదు. పైగా కోవిడ్ వల్ల మార్చిలో ఆగిపోయిన ఆ సీజన్ మే 30న గాని తిరిగి మొదలు కాలేదు. అన్ని వారాల విరామం తర్వాత, మెరుగైన జట్లతోనే ఆడుతూ నాలుగో స్థానం నిలుపుకోవడం గొప్ప విషయం.

ముఖ్య కారణం ర్యాబోకోన్. మూడో అంచెలో ఉన్న రోజుల్లో పగ్గాలు చేపట్టి, అదే జట్టును యూరప్ పోటీ దాకా తెచ్చిన కోచ్‌లు ఎక్కడైనా తక్కువే. ఓటములు వరసగా రెండు వస్తే కోచ్‌ను మార్చే అలవాటున్న చోట ఆయన పదేళ్లు ఉన్నారు. పెద్ద క్లబ్బుల్లో చోటు దొరకని యువకులను, ఇతరులు వదిలేసిన అనుభవజ్ఞులను చేరదీసి, ఒకరి బలహీనతను ఇంకొకరు కప్పిపుచ్చేలా ఆడించడం ఆయన పద్ధతి. షాఖ్తార్ నుంచి అరువు మీద వచ్చిన కుడి వైపు రక్షకుడు యుఖీమ్ కొనోప్ల్యా ఇక్కడే నిలదొక్కుకుని తర్వాత జాతీయ జట్టు ఆటగాడయ్యాడు. ముందు వరసలో గోల్స్ చేసిన ఒలెక్సాండర్ ఫిలిపోవ్ 2020 వేసవిలో బెల్జియంలోని సింట్ ట్రుయిడెన్‌కు వెళ్లాడు. ఇదే చిన్న క్లబ్బుకు తప్పని బాధ: ఆటగాడు బాగా ఆడితే వెళ్లిపోతాడు, అతన్ని అమ్మితేనే మిగతావారికి జీతం వస్తుంది.

అందువల్ల 2020 సెప్టెంబరు 24న వోల్ఫ్స్‌బర్గ్‌లో యూరోపా లీగ్ మూడో అర్హత రౌండ్ ఆడిన జట్టులో ఫిలిపోవ్ లేడు. మహమ్మారి కారణంగా ఆ ఏడాది అర్హత రౌండ్లను ఒకే మ్యాచ్‌తో ముగించారు, ప్రేక్షకులను రానివ్వలేదు. దెస్నా 0–2తో ఓడింది. ఆరు దశాబ్దాలు ఎదురుచూసిన నగరానికి యూరప్ పోటీ ఒక్క సాయంత్రంతోనే, అదీ పరాయి దేశపు ఖాళీ స్టేడియంలో, చెర్నిహీవ్‌లో ఒక్క మ్యాచ్ కూడా జరగకుండా ముగిసిపోయింది. ఆ జట్టు గురించి రాసేటప్పుడు మాకు అన్నిటికంటే ఎక్కువగా బాధ కలిగించేది ఇదే.

ప్రశ్న: 2022 తర్వాత ఏం జరిగింది?

జవాబు: 2021–22 సీజన్‌లో 16 జట్లు 18 రౌండ్లు ఆడి శీతాకాల విరామానికి వెళ్లినప్పుడు దెస్నా 7వ స్థానంలో ఉంది. ఫిబ్రవరి 25న ఆటలు తిరిగి మొదలు కావాలి. 24న రష్యా దండెత్తింది. బెలారుస్, రష్యాల వైపు నుంచి వచ్చిన సైన్యానికి దారిలో ఎదురైన మొదటి పెద్ద నగరాల్లో చెర్నిహీవ్ ఒకటి కావడంతో, ఏప్రిల్ ఆరంభంలో రష్యా దళాలు వెనుదిరిగేదాకా నగరం ముట్టడిలోనే గడిపింది. కరెంటు, నీరు, గ్యాస్ లేకుండా ప్రజలు వారాలు గడిపారు. చెర్నిహీవ్‌కు మార్చి 6న ఉక్రెయిన్ ప్రభుత్వం వీరనగరమనే గౌరవాన్ని ఇచ్చింది.

మార్చి 11న దెస్నా స్టేడియం మీద బాంబులు పడ్డాయి. 1936లో ప్రారంభమై, చాలాకాలం యూరి గగారిన్ పేరుతో నడిచి, సుమారు 12,000 మందికి చోటున్న ఆ మైదానంలో గ్యాలరీలు విరిగిపడ్డాయి, పచ్చిక నడుమ పెద్ద గొయ్యి ఏర్పడింది. దాని పక్కనే ఉన్న పాతకాలపు గ్రంథాలయ భవనం కూడా దెబ్బతింది. సైనిక స్థావరంతో ఏ సంబంధమూ లేని, పిల్లలు సాధన చేసుకునే చోటు అది.

లీగ్‌ను ఏప్రిల్ 26న అధికారికంగా ముగించారు, చాంపియన్‌ను ప్రకటించలేదు. విదేశీ ఆటగాళ్లు తమ ఒప్పందాలను తాత్కాలికంగా నిలిపివేసుకుని వేరే దేశాలకు వెళ్లవచ్చని ఫీఫా అనుమతించింది. ఆటగాళ్ల భద్రత దృష్ట్యా ఇది సరైన నిర్ణయమే అయినా, బదిలీ రుసుముల మీదే బతికే క్లబ్బులకు ఉన్న ఒక్క ఆదాయ మార్గమూ దీంతో మూసుకుపోయింది. ఆగస్టు 23న కీవ్‌లోని ఒలింపిక్ స్టేడియంలో ప్రేక్షకులు లేకుండా కొత్త సీజన్ మొదలైనప్పుడు దెస్నా, మరియుపోల్ రెండూ అందులో లేవు. మరియుపోల్ నగరమే ఆక్రమణలో ఉంది. చెర్నిహీవ్ స్వేచ్ఛగా ఉంది, కాని మైదానం లేదు, ఆటగాళ్లు చెల్లాచెదురయ్యారు, జట్టును నడిపే డబ్బు లేదు. ఖాళీ అయిన రెండు చోట్లలోకి ఫస్ట్ లీగ్ నుంచి ఖార్కివ్‌కు చెందిన మెతలిస్ట్, క్రివీ రిహ్‌కు చెందిన క్రివ్‌బాస్ వచ్చాయి. 2017లో పత్రం లేక ఆగిపోయిన జట్టు 2022లో యుద్ధం వల్ల ఆగిపోయింది; రెండుసార్లూ మైదానంలో అది ఓడిపోలేదు.

ప్రశ్న: అయితే చెర్నిహీవ్‌లో ఇప్పుడు ఫుట్‌బాల్ లేనట్టేనా?

జవాబు: కాదు. అదే నగరంలో 2003లో పిల్లల శిక్షణ జట్టుగా పుట్టి, 2020లో వృత్తి లీగ్‌లోకి వచ్చిన ఎఫ్‌సీ చెర్నిహీవ్ అనే మరో చిన్న క్లబ్బు ఉంది. దెస్నా తప్పుకున్న 2022–23 సీజన్‌లోనే అది ఫస్ట్ లీగ్‌లో ఆడింది. ముట్టడి నుంచి బయటపడిన కొన్ని నెలలకే ఒక జట్టును కూడగట్టి జాతీయ లీగ్‌లో దింపడం సామాన్యమైన పని కాదు.

అడగకపోయినా ఇంకొక పేరు చెప్పాలి. మగవారి జట్టు రెండో అంచె, మూడో అంచె మధ్య తిరుగుతున్న కాలంలో చెర్నిహీవ్ మహిళల జట్టు లెహెండా ఉక్రెయిన్ చాంపియన్‌షిప్‌ను 2000, 2001, 2002, 2005, 2009, 2010 సంవత్సరాల్లో ఆరుసార్లు గెలిచింది. 1987లో, మహిళల ఫుట్‌బాల్‌కు ఇంకా అఖిల సోవియట్ చాంపియన్‌షిప్ కూడా లేని రోజుల్లో ఏర్పడిన జట్టు అది. చెర్నిహీవ్ ఫుట్‌బాల్ చరిత్ర అనగానే దెస్నా ఒక్కదానితో ముగించేవారు ఈ ఆరు టైటిళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని మా మనవి.