అల్మరా నిండా డిస్కులు, కార్డు నిండా బాకీ

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విశాఖలో ఉద్యోగం, నెలకు 82 వేలు చేతికొస్తాయి. పదకొండేళ్లుగా సినిమాల బ్లూరేలు, 4కే డిస్కులు కొంటున్నాను. ఇప్పటికి 640 ఉన్నాయి, వాటిలో 210కి ఇంకా సీలే తీయలేదు. నెలకు 8 వేలు వీటికే పోతున్నాయి. క్రెడిట్ కార్డు మీద లక్షా పది వేల బాకీ ఉంది. నాలుగేళ్లలో మా అమ్మాయి ఇంజినీరింగ్‌కి వస్తుంది. అప్పటికి డిస్కుల ధర పెరిగితే అమ్మి ఫీజు కట్టొచ్చా? మా ఆవిడేమో వీటిని ప్లాస్టిక్ పళ్లాలంటోంది.

జవాబు: ప్లాస్టిక్ పళ్లాలన్న మాట నేను ఒప్పుకోను. అద్దెకు తెచ్చిన వీసీపీ మీద తెల్లవార్లూ మూడు సినిమాలు చూసిన తరం నాది. సినిమా మన అల్మరాలో ఉండటంలో ఆనందం ఏమిటో నాకు తెలుసు. స్ట్రీమింగ్‌లో ఒప్పందం అయిపోతే సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. అక్కడ డబ్బిచ్చి 'కొన్న' సినిమాకు కూడా మన చేతికొచ్చేది లైసెన్సు మాత్రమే. బొమ్మ నాణ్యతలోనూ తేడా ఉంది. స్ట్రీమింగ్ 4కే సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల డేటా పంపితే, 4కే డిస్కు వంద దాటించగలదు.

కానీ ఫీజు సంగతికొస్తే, వీటిని నమ్ముకోవద్దు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీలు 28 రూపాయలకీ, డీవీడీలు 34కీ అమ్మింది. ఆ కంపెనీ మూతపడ్డా ఆ డిస్కులు బంగారం కాలేదు, ఎందుకంటే అవి ఇంటింటికీ చేరాయి. ధర పెరిగేది కొద్ది కాపీలే వచ్చి, మళ్లీ ముద్రించని వాటికే. వాటికి కూడా కొనేవాడు దొరకాలి. బ్లూరేలకు రీజియన్ అని ప్రాంతాలవారీ తాళం ఉంటుంది, ఒక ప్రాంతం డిస్కు మరో ప్రాంతం ప్లేయర్‌లో ఆడదు. అమెరికా బ్లూరేలు చాలావరకు రీజియన్ ఎ, మనది సి. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే రీజియన్-ఫ్రీ ప్లేయర్ లేనివాడికి మీ డిస్కుతో పనిలేదు (4కే డిస్కులకు ఈ గొడవ లేదు). పైగా ప్లేయర్లే తగ్గిపోతున్నాయి. ఒప్పో 2018లో ఈ రంగం నుంచి తప్పుకుంది. 2019లో శాంసంగ్ కూడా అమెరికా మార్కెట్‌కు కొత్త మోడళ్లు తేనని చెప్పేసింది.

అసలు నన్ను కంగారుపెట్టింది డిస్కులు కాదు, ఆ లక్షా పది వేలు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 3,850 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం నాలుగున్నర వేలు. అంటే ప్రతినెలా రెండు మూడు డిస్కుల డబ్బు ఎవరి అల్మరాలోకీ చేరకుండా పోతోంది! విదేశీ సైట్లలో కొంటే కార్డు మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము), కస్టమ్స్ సుంకం కూడా పడతాయి. డిస్కు ధర చూసి 'చవకే' అనుకునేటప్పుడు ఇవి ఎవరూ లెక్కలో వేసుకోరు.

అందుకని ఆ 210 సీల్డ్ డిస్కులతోనే మొదలుపెట్టండి. మీ ఆవిడను కూడా కూర్చోబెట్టుకుని లిస్టు రాయండి. ఈ ఏడాది చూస్తామని ఇద్దరూ అనుకున్నవి పక్కన పెట్టి, మిగిలినవి అమ్మకానికి పెట్టండి. గంపగుత్తగా ఇస్తే దుకాణదారు తూకానికి కొన్నట్టే కొంటాడు. బాక్స్ సెట్లు, ఇప్పుడు దొరకనివి విడివిడిగా కలెక్టర్లకే ఇవ్వండి. వంద డిస్కులు తలా ఆరొందలకు పోయినా 60 వేలు వస్తాయి. సొంత వాడకానికి కొన్న ఇలాంటి వస్తువులు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటే మాత్రం అది వ్యాపార ఆదాయం కింద లెక్క.

ఆ 60 వేలు నేరుగా కార్డుకు కట్టండి. మిగిలే 50 వేలకు నెలనెలా ఈ 8 వేలే మళ్లిస్తే ఏడెనిమిది నెలల్లో తీరిపోతుంది. అన్నాళ్లూ కొత్త డిస్కు ఒక్కటీ వద్దు. కష్టమే, తెలుసు. బాకీ తీరాక 2 వేలు డిస్కులకు ఉంచుకుని, 6 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 7 శాతం వడ్డీ వస్తే 40 నెలల్లో సుమారు 2 లక్షల 70 వేలవుతుంది. ఫీజు మొత్తానికి అది చాలకపోవచ్చు గానీ, మొదటి ఏడాది చేబదులు కోసం తిరగాల్సిన పని తప్పుతుంది.

ఉంచుకునే డిస్కులను నిలువుగా, గోడకు ఆనకుండా పెట్టండి. మీది సముద్రం ఊరు, తడి గాలికి కవర్ల కాగితం బూజుపట్టిపోతుంది. ఇంటి బీమా ఉంటే సామాన్ల కవర్‌లో ఇవి వస్తాయో లేదో కంపెనీని అడగండి, బిల్లులూ ఫొటోలూ దాచుకోండి. డబ్బు చేరాక డిస్కు కన్నా ముందు కొనాల్సింది రెండో ప్లేయర్. ఉన్నది పాడైతే 640 డిస్కులూ అలంకారమే.

ఇంకొకటి. ప్రీ-ఆర్డర్లు ఏవైనా పెట్టి ఉంటే, డబ్బు కట్ అయ్యేలోపు ఈ రాత్రే రద్దు చేయండి.