టాంజానియాలోని కిలిమంజారో నిద్రాణ అగ్నిపర్వతం కదా, ఎక్కడం ప్రమాదమా? ఐదు రోజుల ప్యాకేజీ సరిపోతుందా?

పేలుతుందేమోనన్న భయం పక్కన పెట్టేయండి. ఐదు రోజుల ప్యాకేజీ గురించే భయపడాలి.

కిలిమంజారో ఒక్క కొండ కాదు. ఒకదాన్నొకటి ఆనుకుని పెరిగిన మూడు అగ్నిపర్వతాలు: పడమట షిరా, తూర్పున మావెంజీ, నడుమ కిబో. మొదటి రెండూ పూర్తిగా చల్లారాయి. అందరూ ఎక్కే 5,895 మీటర్ల ఉహురు శిఖరం కిబో అంచు మీద ఉంది. కిబో చివరి పెద్ద విస్ఫోటనాలు జరిగి సుమారు లక్షన్నర ఏళ్లయింది. అయినా నడినెత్తిన ఉన్న రాయిష్ బిలంలో ఇప్పటికీ పగుళ్లలోంచి వేడి ఆవిరి, గంధకం వాసన వస్తుంటాయి. అందుకే దీన్ని చచ్చిందనరు, నిద్రపోతోందంటారు.

అసలు చిక్కు ఈ కొండ వాటంలోనే ఉంది. లావా, బూడిద పొరలు పొరలుగా పేరుకుని నడవగలిగే వాలు తయారైంది. మామూలు దారుల్లో తాడూ అక్కర్లేదు, మంచుగొడ్డలీ అక్కర్లేదు. కాళ్లలో సత్తువ ఉంటే చాలనిపిస్తుంది, దాంతో ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకుండా జనం ఎక్కేస్తారు. శిఖరం దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. భువనగిరి కొండ మీద శిక్షణ, అలిపిరి మెట్లు కాళ్లకు మంచివే. ముఖ్యంగా మెట్లు దిగడం మోకాళ్లకు పనికొస్తుంది. ఎత్తుకు మాత్రం అవేవీ సిద్ధం చేయవు. ఎక్కడం మొదలుపెట్టే చోట్లలో ఒకటైన మచామే గేటే సుమారు 1,800 మీటర్లు, మన తెలుగు రాష్ట్రాల్లోని ఏ కొండకన్నా ఎత్తు.

ఐదు రోజుల మరంగు దారి లెక్క చూడండి. మొదటి రాత్రి 2,720, రెండో రాత్రి 3,720, మూడో రాత్రి 4,720 మీటర్లు. అంటే రోజుకో వెయ్యి మీటర్లు. ఆ అర్ధరాత్రే లేచి ఇంకో 1,200 మీటర్లు ఎక్కాలి. 3,000 దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది వైద్యులు చెప్పే మాట. పార్కు రుసుములే రోజుకు వంద డాలర్లు దాటుతాయి కాబట్టి రోజులు తగ్గితే ప్యాకేజీ చౌకవుతుంది, అంతే. మరంగులోనే వెళ్లాలనుకుంటే రెండో రాత్రి బస చేసే హొరోంబోలో ఒక రోజు అదనంగా ఆగండి. దగ్గర్లోని జీబ్రా రాళ్ల దాకా ఎక్కి, తిరిగి కిందే పడుకోవచ్చు. నల్లరాతి మీద ఆ తెల్లచారలు పైనుంచి కారిన నీటిలోని ఖనిజాలు మిగిల్చినవి.

నన్నడిగితే పడమటి వైపు నుంచి ఎక్కే ఎనిమిది రోజుల లెమోషో దారి మేలు. గెలిచే అవకాశమూ ఎక్కువ, చూడ్డానికీ ఎక్కువ. కూలిపోయిన షిరా అగ్నిపర్వతం మిగిల్చిన పీఠభూమి మీదుగా నడుస్తారు. తర్వాత 4,630 మీటర్ల దగ్గర లావా టవర్. పాత బిలపు గొంతులో లావా బిరడాలా గట్టిపడింది, చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోతే ఆ బిరడా స్తంభంలా నిలబడింది. మధ్యాహ్నం అక్కడ భోంచేసి, రాత్రికి 3,960 మీటర్ల బరాంకో శిబిరానికి దిగుతారు. టవర్ దగ్గర చాలామందికి తలనొప్పి వస్తుంది, కంగారు పడకండి. కిందికి దిగాక తగ్గితే ఒళ్లు సర్దుకుంటున్నట్టే. తగ్గకపోతే గైడుకు చెప్పాలి, దాచకూడదు.

బరాంకో లోయ సుమారు లక్ష ఏళ్ల కిందట కిబో పక్కభాగం విరిగి జారిపోవడంతో ఏర్పడిందంటారు. మర్నాడు ఎక్కే 250 మీటర్ల గోడలో లావా పొరలు కోసిన కేకు ముక్కలా కనిపిస్తాయి. అక్కడ చేతులతో పట్టుకుని ఎక్కాలి, కర్రలు సంచిలో పెట్టేయండి.

కిబో వాలుల్లో ఒక రాయిని మాత్రం ఆగి చూడండి. ముదురు బూడిదరంగు రాతిలో కాజూకత్లీ ముక్కల్లాంటి లేతరంగు పలకలు పొదిగినట్టుంటాయి. అవి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. లావా బయటికి రాకముందే లోపల నింపాదిగా పెరిగి అంత పెద్దవయ్యాయి. బయటపడ్డాక మిగతా లావా త్వరగా గడ్డకట్టి, వాటి చుట్టూ సన్నటి రేణువుల రాయిగా మిగిలింది. చూడండి, ఫోటో తీసుకోండి, జేబులో వేసుకోకండి. నేషనల్ పార్కులో రాళ్లు ఏరడం నేరం.

శిఖరం ఎక్కే రాత్రి, చివరి మజిలీ అయిన బరాఫు శిబిరం నుంచి పన్నెండు గంటలకు బయల్దేరతారు. చలి మైనస్ 15 డిగ్రీల కిందికీ పోవచ్చు. నీళ్ల సంచి గొట్టం ముందే గడ్డకడుతుంది, కాబట్టి నీళ్లు సీసాలో పోసి, సీసాను తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైభాగం నుంచే కడుతుంది, మూత వైపు నీరుగానే ఉంటుంది. హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు లోపలి జేబులో ఉండాలి. కిబో బిలం అంచున ఉన్న స్టెల్లా పాయింట్ కింద వాలంతా వదులు బూడిద, చిన్నరాళ్లు. రాత్రి గడ్డకట్టి గట్టిగా ఉంటుంది, ఎండెక్కాక రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు మడమలు దింపి నడవండి, బూట్లలో రాళ్లు పడకుండా గేటర్లు (బూటు పైభాగాన్ని, పిక్కను కప్పే తొడుగులు) కట్టుకోండి.

ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర డయామాక్స్‌ను మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి. అది వేసుకున్నాం కదాని తొందరగా ఎక్కొద్దు. సరళరేఖ మీద ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించి నడవలేకపోయినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే కిందికి దిగాలి. శిఖరం అరగంట దూరంలో ఉన్నా సరే.

వానలు ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. జూన్ నుంచి అక్టోబర్ దాకా, లేదంటే జనవరి, ఫిబ్రవరి చూసుకోండి. పోర్టర్‌కు ఇచ్చే సంచి 15 కిలోలు మించకూడదు, ప్లాస్టిక్ క్యారీబ్యాగులు టాంజానియాలో నిషేధం. పైన ఆకలి చచ్చిపోతుంది, కందిపొడి, ఊరగాయ ఉంటే అన్నం కాస్త దిగుతుంది. ఊరగాయ గాజు సీసాలో వద్దు, మరమూత ఉన్న డబ్బాలో వేసుకోండి. ఎత్తుకు లోపలి గాలి ఉబ్బుతుంది, మూత ఒక్కసారిగా తీస్తే నూనె చిమ్ముతుంది.