బై-రాడ్స్ 3 అని రిపోర్టు వస్తే ఎం.ఆర్.ఐ. తీయించుకోవాలా?

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రిపోర్టులను, బొమ్మలను నిదానంగా చూశాను. ఎడమ రొమ్ములో చేతికి తగలని 9 మిల్లీమీటర్ల గడ్డ ఒకటి ఉంది. అది కోలగా, స్పష్టమైన అంచులతో, చర్మానికి సమాంతరంగా పడుకుని ఉంది. చూడగానే ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ, అనిపించే రూపమే. అక్కడి రేడియాలజిస్టు దానిని బై-రాడ్స్ 3లో, అంటే రొమ్ము రిపోర్టుల్లో 'బహుశా హానిలేనిది' అని చెప్పే వర్గంలో, చేర్చి, ఆరు నెలలకు మళ్లీ రమ్మనడం సరైన నిర్ణయం. "ఆరు నెలలు ఆగడం దేనికి, ఎం.ఆర్.ఐ. తీయిస్తే ఒక్కసారే తేలిపోతుంది" అని మీ ఆడపడుచు అంటున్నదని రాశావు. నీ విషయంలో దానితో తేలేది చాలా తక్కువ.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ వారి లెక్క ప్రకారం ఈ వర్గంలోని గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ సికిల్స్ 1991లో ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటివి 3,184 ఉంటే, వాటిలో క్యాన్సర్‌గా తేలినవి 17. అవి కూడా తొలిదశలోనే దొరికాయి. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ చూసే పద్ధతికి ఇటువంటి అనుభవమే ఆధారం. కనుక ఆగమన్నారంటే పట్టించుకోలేదని అనుకోకు.

ఎం.ఆర్.ఐ.లో గెడోలినియం అనే మందును నరంలోకి ఎక్కించి, అది గడ్డలోకి ఎంత వేగంగా చేరుతున్నదో, చేరాక నిలుస్తున్నదో, త్వరగా వెళ్లిపోతున్నదో గమనిస్తారు. క్యాన్సర్ గడ్డల్లో కొత్తగా పుట్టిన రక్తనాళాలు మందును త్వరగా లోపలికి రానిచ్చి, తరచుగా త్వరగానే వదిలేస్తాయి. అయితే నీ వయసు స్త్రీలలో ఫైబ్రోఅడినోమా కూడా మందును బాగానే పీలుస్తుంది. రొమ్ములోని మామూలు కణజాలం సైతం హార్మోన్ల ప్రభావంతో ఆ మందును పీల్చి బొమ్మలో అక్కడక్కడ మెరుస్తుంది. ఆ మెరుపుల్లో ఏదో ఒకటి అనుమానంగా కనబడితే దానికోసం మళ్లీ అల్ట్రాసౌండ్, అందులో కనబడకపోతే ఎం.ఆర్.ఐ. చూస్తూ బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం), ఆ సదుపాయం మన దగ్గర అన్ని ఊళ్లలో లేదు. ఉన్న గడ్డ సంగతి పక్కకుపోయి, లేని గడ్డ కోసం తిరగవలసి వస్తుంది. పోనీ అంతా బాగుందని వచ్చినా, మీ డాక్టరు ఆరు నెలల పరీక్షను రద్దు చేస్తారా? చేయరనే నా అంచనా. ఫలితం ఎటు వచ్చినా చేయవలసిన పని మారనప్పుడు ఆ పరీక్షకు డబ్బు పోయడం నాకు నచ్చదు.

మరొక సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. మామోగ్రామ్‌లో సన్నని సున్నపు చుక్కలు అనుమానాస్పదంగా కనబడితే, ఎం.ఆర్.ఐ. శుభ్రంగా ఉన్నదని బయాప్సీ మానుకోకూడదు. పాలనాళాల్లోనే ఉండిపోయే తొలిదశ క్యాన్సర్ కొన్నిసార్లు మందును పీల్చదు, అందువల్ల బొమ్మలో కనబడదు. నీ మామోగ్రామ్‌లో అటువంటి చుక్కలు లేవు.

మరి ఎప్పుడు తీయించమంటాను? వంశంలో బీఆర్‌సీఏ అనే, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యులోపం ఉన్నవారికి, జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 20 శాతం దాటుతుందని లెక్క తేలినవారికి ఏటా ఎం.ఆర్.ఐ. అవసరమే. మామోగ్రామ్‌లో ఒక కోణంలో మాత్రమే కనబడి, అల్ట్రాసౌండ్‌లో ఎంత వెతికినా దొరకని మార్పును తేల్చుకోవడానికి, శస్త్రచికిత్స మచ్చ దగ్గర జబ్బు తిరగబెట్టిందా అని చూడడానికి అది బాగా పనికివస్తుంది. మా పుట్టింటివైపు ఈ జబ్బు ఎవరికీ లేదని నాకు తెలుసు. మీ నాన్నగారి వైపు మేనత్తలకు, నాయనమ్మకు రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉండేదేమో అడిగి తెలుసుకో. తండ్రి నుంచి కూడా ఈ లోపం సంక్రమిస్తుందన్న సంగతి చదువుకున్నవాళ్లూ మరచిపోతారు. అటు ఎవరికైనా ఉన్నట్లు తెలిస్తే నా సలహా మారుతుంది.

అప్పుడు తీయించవలసి వస్తే, నెలసరి మొదలైన 7వ రోజుకు, 14వ రోజుకు నడుమ తేదీ తీసుకో. అప్పుడు అనవసరపు మెరుపులు తక్కువ. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించుకో. గర్భం ఉన్నదన్న అనుమానముంటే ఆ మందు వద్దు. బోర్లా పడుకోబెట్టి రొమ్ములకు ప్రత్యేకించిన కాయిల్‌ (సంకేతాలను అందుకునే పరికరం)తో తీసే కేంద్రానికే వెళ్లు.

నీకు ఆరు నెలల నిరీక్షణ నిద్ర పట్టనీయదనుకుంటే, అందులో తప్పేమీ లేదు, ఎం.ఆర్.ఐ. బదులు అల్ట్రాసౌండ్ చూస్తూ చేసే కోర్ బయాప్సీని అడుగు. మత్తు సూది వేసి చిన్న ముక్కలు తీస్తారు, ఆ రోజే ఇంటికి రావచ్చు, గడ్డ స్వభావాన్ని కణజాలమే చెబుతుంది. ఆగగలిగితే ఆరు నెలల తరువాత అదే కేంద్రానికి, ఈ బొమ్మల సీడీ వెంట తీసుకుని వెళ్లు. పొడవు 20 శాతానికి మించి పెరిగినా, అంచులు చెదిరినట్లు కనబడినా అప్పుడు బయాప్సీ తప్పదు. ఈలోగా చేతికి కొత్తగా ఏదైనా తగిలినా, చనుమొన నుంచి రక్తం కనబడినా ఆ తేదీ కోసం చూడకుండా వెంటనే వెళ్లు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ