బ్రూస్ చాట్విన్ ఎవరు? ఆయన రాసినవి యాత్రా కథనాలా, నవలలా?

రెండూ రాశారు, కానీ మధ్యలో గీత గీయడం కష్టం. చాట్విన్ 1940లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టారు. లండన్‌లోని సోదబీస్ వేలం సంస్థలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, కళాఖండాలను పసిగట్టే చూపుతో త్వరగా పైకెదిగారు. తర్వాత అది వదిలేసి ఎడిన్‌బరోలో పురావస్తు శాస్త్రం చదవబోయి, అదీ పూర్తి చేయలేదు.

అసలు మలుపు దక్షిణ అమెరికా దక్షిణ కొసనున్న పటగోనియా. చిన్నప్పుడు నానమ్మ ఇంటి అద్దాల బీరువాలో ఒక తోలు ముక్క ఉండేది. డైనోసార్‌దని ఇంట్లోవాళ్లు చెప్పేవారు. నిజానికి అది ఎప్పుడో అంతరించిపోయిన మైలోడాన్ అనే జంతువుది. ఆ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళ్లిన ప్రయాణమే 1977లో 'ఇన్ పటగోనియా' అయింది. చిన్న చిన్న అధ్యాయాలు, పొదుపైన వాక్యాలు. నన్ను అడిగితే మొదట చదవాల్సింది ఇదే.

నవలల్లో వేల్స్ సరిహద్దులోని కవల రైతుల కథ 'ఆన్ ద బ్లాక్ హిల్' (1982) నాకు చాలా ఇష్టం. ఊరూరా తిరిగిన మనిషి, పుట్టిన పొలం వదలని అన్నదమ్ముల గురించి అంత ప్రేమగా రాయడం ఆశ్చర్యమే. 'ఉట్జ్' 1988లో బుకర్ సాహిత్య బహుమతి తుది జాబితాకు చేరింది.

ఆస్ట్రేలియా ఆదివాసులు పాటల్లో గుర్తుంచుకునే దారుల మీద రాసిన 'ద సాంగ్‌లైన్స్'లో కల్పన ఎక్కువని విమర్శ వచ్చింది. పటగోనియాలోనూ కొందరు తమ గురించి రాసింది సరికాదన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో 1989 జనవరిలో, 48 ఏళ్లకే, ఫ్రాన్స్‌లోని నీస్‌లో కన్నుమూశారు.