ప్యాకార్డ్ కార్ల కంపెనీ ఎందుకు మూతపడింది? చవక మోడల్ తెచ్చినందుకేనా?

చవక కారే ముంచిందనే మాట చాలాచోట్ల కనిపిస్తుంది. లెక్కలు చూస్తే అది నిలబడదు.

1899లో ఒహాయో రాష్ట్రంలోని వారెన్‌లో మొదలై, తర్వాత డెట్రాయిట్‌కు మారి, 1915లో 12 సిలిండర్ల ట్విన్ సిక్స్‌తో అమెరికా శ్రీమంతుల కారుగా పేరు తెచ్చుకున్న కంపెనీ ఇది. 1935లో వన్ ట్వంటీ అనే చవక మోడల్‌ని 980 డాలర్ల నుంచి అమ్మితే ఆ ఏడాదే దాదాపు 25,000 కార్లు అమ్ముడుపోయాయి. మాంద్యం దెబ్బకు డ్యూసెన్‌బర్గ్, పియర్స్ ఆరో లాంటి ఖరీదైన కార్ల కంపెనీలు మూతపడితే ప్యాకార్డ్ బతికి బట్టకట్టింది ఈ కారు వల్లే. తప్పల్లా పేరు దగ్గర జరిగింది. క్యాడిలాక్ వాళ్లు తక్కువ ధర కారుకు లాసాల్ అని వేరే పేరు పెట్టుకున్నారు. ప్యాకార్డ్ మాత్రం తన పేరునీ, ముందు గ్రిల్‌నీ ఖరీదైన కార్లకీ చవక కార్లకీ వాడేసింది.

నా దృష్టిలో అసలు దెబ్బ బాడీల దగ్గర పడింది. 1941 క్లిప్పర్ మోడల్ నుంచి బాడీల తయారీని బ్రిగ్స్ కంపెనీకి అప్పగించారు. 1953 చివర్లో ఆ బ్రిగ్స్ ప్లాంట్లను క్రైస్లర్ కొనేసింది. పోటీదారు చేతిలోకి పీక వెళ్లినట్టే! 1954 మోడళ్ల తర్వాత బాడీలు ఇచ్చేది లేదని క్రైస్లర్ చెప్పేసింది. ప్యాకార్డ్ అధ్యక్షుడు జేమ్స్ నాన్స్ ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లోని పెద్ద ఫ్యాక్టరీని వదిలి, కానర్ అవెన్యూలో ఇరుకైన ప్లాంటును క్రైస్లర్ నుంచే లీజుకు తీసుకుని, బాడీలూ అసెంబ్లీ అక్కడే పెట్టారు. కొత్త వీ8 ఇంజిన్, కొత్త సస్పెన్షన్ కూడా అదే ఏడాది. 1955 కార్లు ఆలస్యంగా, ఫిట్టింగ్ లోపాలతో వచ్చాయి. ఆ ఏడాది సుమారు 55,000 తయారైతే మరుసటి ఏడు 29,000కు పడిపోయింది. 1954 అక్టోబరులో కలుపుకున్న స్టూడబేకర్ కార్ల కంపెనీ నష్టాలు సరేసరి. 1956 జూన్ 25న డెట్రాయిట్‌లో చివరి ప్యాకార్డ్ బయటికొచ్చింది. తర్వాత రెండేళ్లు స్టూడబేకర్ ఊరైన సౌత్ బెండ్‌లో తయారైనవి ప్యాకార్డ్ బ్యాడ్జీ వేసుకున్న స్టూడబేకర్లే.

ఆ హడావుడి ఎలాంటిదో 1955, 56 కార్లలో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆయిల్ పంపు అడుగునే వైపర్ల కోసం వ్యాక్యూమ్ పంపు బిగించారు. అది అరిగితే ఆయిల్లోకి గాలి కలుస్తుంది, ఇంజిన్ వాల్వులను ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టర్లు టకటకలాడతాయి. లిఫ్టర్లు మార్చి లాభం లేదు. వ్యాక్యూమ్ భాగం తీసేసి, వైపర్లకు ఎలక్ట్రిక్ మోటారు పెట్టాలి.

టార్షన్ లెవెల్ అనే ఆ కొత్త సస్పెన్షన్ మాత్రం నిజంగా గొప్ప పని. ముందు చక్రాన్ని అదే వైపు వెనక చక్రంతో పొడవాటి టార్షన్ బారు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) కలుపుతుంది. వెనక బరువు పడితే ఏడు సెకన్లు ఆగి, ఒక మోటారు కారును సమం చేస్తుంది. జాకీ వేసే ముందు డాష్‌బోర్డు కింద ఉన్న స్విచ్ ఆపాలి, లేదంటే కారు గాల్లో ఉండగానే అది సర్దడం మొదలుపెడుతుంది. బార్లలో విపరీతమైన బిగువు ఉంటుంది, సరైన టూల్ లేకుండా విప్పొద్దు.

ఈ కార్లలో బ్యాటరీ 12 వోల్టులే కానీ ఎర్త్ పాజిటివ్ వైపు, అంటే కారు బాడీకి కలిపేది ప్లస్ తీగ. అలవాటు కొద్దీ తిప్పి కలపకండి. 1956 పుష్‌బటన్ గేర్ల కారైతే వాలులో ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, ఆ తర్వాతే పార్క్ బటన్ నొక్కాలి. బరువంతా గేరు లాక్ మీద పడితే బటన్ల వెనకున్న చిన్న మోటారు దాన్ని విడిపించలేదు.