దిగుమతుల దెబ్బకు మిల్లు మూతపడితే కార్మికుడికి ఏమొస్తుంది?

విజయనగరం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: బంగ్లాదేశ్ గోనెసంచులు చవగ్గా దిగి, నాన్న పనిచేసే జూట్ మిల్లు మూతపడితే ప్రభుత్వం ఆదుకుంటుందా?

దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళ కోసమే ప్రత్యేక పథకం మన దేశంలో లేదు. అమెరికాలో 1962 నుంచి అలాంటిది ఉండేది, 2022లో దాని గడువు ముగిసింది. మన ప్రభుత్వం సరుకు మీద సుంకం వేసింది: బంగ్లాదేశ్, నేపాల్ జనపనార సరుకుపై 2017 జనవరిలో యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా వచ్చిపడే దిగుమతులపై వేసే అదనపు పన్ను. అది మిల్లుకు రక్షణ. కార్మికుడి చేతికి నేరుగా రూపాయి రాదు.

అయినా మీ నాన్నగారికి హక్కులున్నాయి. మిల్లు మూసేస్తే సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం. అయిదేళ్ళు దాటితే గ్రాట్యుటీ వేరే. పీఎఫ్ ఎలాగూ ఉంది. ఈఎస్ఐ కట్టినవాళ్ళకు 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, అర్హత ఉంటే, సగటు రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. చాలామందికి ఈ సంగతే తెలీదు, అదే నా బాధ.

ఒక్క జాగ్రత్త. గేటుకి అంటించిన కాగితం మీద ‘లాకౌట్’ అనుందా, ‘మూసివేత’ అనుందా చూడండి. లాకౌటంటే యాజమాన్యం తాత్కాలికంగా పని ఆపడం; ఉద్యోగం పోయినట్టు కాదు, మూసివేత పరిహారం అడగలేరు. ఆ నోటీసు ఫోటో తీసుకోండి. ఈఎస్ఐ కార్డు, జీతం చీటీలు పట్టుకుని యూనియన్‌తో కలిసి జిల్లా కార్మికశాఖ ఆఫీసుకి వెళ్ళండి.