కింద పడిన 24-105 లెన్సును బాగుచేయించాలా, మరొకటి కొనాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. గుంటూరు బ్రాడీపేటలో ఒక గృహప్రవేశానికి ఫోటోలు తీస్తున్నప్పుడు కుర్చీ మీద ఉంచిన కెమెరా లెన్సుతో సహా గ్రానైట్ నేల మీద పడింది. అప్పటి నుంచి మీ కెనాన్ ఈఎఫ్ 24-105 ఎఫ్/4 ఎల్ మొదటి తరం లెన్సు జూమ్ రింగు 50 మిల్లీమీటర్లు దాటగానే బిగుసుకుపోతోంది. దానికి తోడు అప్పుడప్పుడు కెమెరా తెర మీద ‘ఎర్రర్ 01’ కనిపిస్తోంది. సర్వీస్ సెంటర్ వారు 16,500 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు, ఊళ్లో ఒక మెకానిక్ 7,000కే చేస్తానన్నారు, అదే లెన్సు సెకండ్ హ్యాండ్‌లో 28,000కు దొరుకుతోంది. విజయవాడలో చాలాకాలంగా పెళ్లిళ్లకు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాట్య ప్రదర్శనలకు ఫోటోలు తీస్తున్నవాడిగా, ఇదే లెన్సు ఇలాగే పడి బాగుచేయించుకున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. బాగుచేయించండి. అయితే విడిభాగం మార్చి ఊరుకునేవారి దగ్గర కాకుండా, మార్చిన తరువాత లోపలి గాజుల అలైన్‌మెంట్ (అన్నీ ఒకే వరుసలో సరిగ్గా కూర్చున్నాయా అనేది) సరిచూసి, ఆ ఫలితాన్ని మీకు చూపించగలిగినవారి దగ్గర మాత్రమే చేయించండి.

మీ లెన్సులో ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు కావచ్చునని నా అనుమానం. జూమ్ బిగుసుకుపోవడం పడడం వల్ల వచ్చినదే. ‘ఎర్రర్ 01’ మాత్రం పడకపోయినా వచ్చేదేమో. ఈ లెన్సు 2005లో విడుదలైంది, రెండవ తరం 2016లో వచ్చింది. అంటే మీ చేతిలో ఉన్నది ఎంత శ్రద్ధగా వాడినదైనా పాతదే. ఇందులో అపర్చర్ రెక్కలకు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని పెంచి తగ్గించే రెక్కలకు) విద్యుత్తు అందించే సన్నని ఫ్లెక్స్ కేబుల్ జూమ్ తిప్పిన ప్రతిసారీ వంగి మళ్లీ చాచుకుంటుంది, ఏళ్ల తరబడి అలా వంగిన చోట చివరకు తెగుతుంది. మొదటి తరం 24-105లో ఇది పేరుపడ్డ లోపం, ఈ లెన్సు వాడిన పెళ్లి ఫోటోగ్రాఫర్లలో చాలామందికి తెలిసినదే.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ముందుగా లెన్సు వెనుకవైపు ఉన్న బంగారు రంగు కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి, ఎందుకంటే ఆ ఎర్రర్ సందేశం మొదట చెప్పేది కూడా అదే. తరువాత జూమ్ కదులుతున్నంత మేరలోనే ఉంచి, రెక్కలు పూర్తిగా తెరిచి ఉండే ఎఫ్/4 దగ్గర కొన్ని ఫోటోలు తీయండి, ఆ తరువాత అవి కొంత మూసుకునే ఎఫ్/8 దగ్గర తీయండి. ఎఫ్/4లో ఏ ఇబ్బందీ లేకుండా ఎఫ్/8లో మాత్రమే కెమెరా మొరాయిస్తే తప్పు అపర్చర్ విభాగంలో ఉన్నట్టే, ఎందుకంటే ఎఫ్/4 దగ్గర రెక్కలు కదలవలసిన అవసరమే ఉండదు. రెండింటిలోనూ ఎర్రర్ వస్తే కాంటాక్టులు, మౌంటు (లెన్సు కెమెరాకు బిగిసే చోటు) లేదా లెన్సులోని సర్క్యూట్ బోర్డును అనుమానించాలి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఇచ్చిన ఎస్టిమేట్‌లో అపర్చర్ యూనిట్ కూడా ఉందో లేదో మీరు అడగగలుగుతారు. జూమ్ కోసం లెన్సు విప్పినప్పుడే కేబుల్ కూడా మార్పిస్తే విప్పి బిగించే కూలి ఒక్కసారితో పోతుంది. దాన్ని వదిలేస్తే కొన్ని నెలల తరువాత అదే కూలి మళ్లీ చెల్లించాలి.

జూమ్ రింగును మాత్రం దయచేసి బలవంతంగా తిప్పకండి. ఈ లెన్సు జూమ్ చేసినప్పుడు ముందు గొట్టం బయటకు సాగుతుంది. ఆ గొట్టాన్ని నడిపించేది లోపల ఏటవాలు గాడులున్న మరొక గొట్టం, ఆ గాడుల్లో కదిలే చిన్న కాలర్లు. గొట్టం సాగి ఉన్నప్పుడు లెన్సు ముందువైపుగా నేలను తాకితే ఆ దెబ్బంతా ఈ కాలర్ల మీద పడుతుంది. ఒక కాలర్ పగిలినా, గాడి అంచు కాస్త నొక్కుకుపోయినా సరిగ్గా మీరు చెప్పినట్టే ఒకచోట పట్టేస్తుంది. పగిలిన కాలర్‌ను మార్చడం తేలిక, గాడి చెడిపోతే మొత్తం గొట్టాన్నే మార్చాలి. బలవంతంగా తిప్పితే మొదటిది రెండవదిగా మారుతుంది, పగిలిన ముక్క లోపలి గాజు మీద గీత పెట్టే ప్రమాదమూ ఉంది. లెన్సును ఊపినప్పుడు చిన్న చప్పుడు వస్తే దానికి కంగారుపడకండి, ఐఎస్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉన్న చాలా లెన్సుల్లో ఆ భాగం విద్యుత్తు లేనప్పుడు వదులుగా ఉంటుంది. షట్టర్ బటన్‌ను సగం నొక్కినప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ నిలకడగా నిలబడితే ఐఎస్ బాగున్నట్టు, ఎగిరెగిరి పడితే చెడినట్టు.

ఇక అలైన్‌మెంట్ గురించి ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. ఒక కల్యాణ మండపంలో లైటు స్టాండు ఒరిగి నా 24-105 కింద పడింది. పెళ్లిళ్ల సీజను కాబట్టి దగ్గరలో ఉన్న ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఆయన చేతి పని చక్కనిది, జూమ్ కొత్త లెన్సులా మెత్తగా తిరిగింది, ఆటోఫోకస్ పనిచేసింది, కెమెరా తెర మీద ఫోటోలన్నీ బాగానే కనిపించాయి. తరువాతి పెళ్లిలో బంధువులందరినీ వరుసగా నిలబెట్టి తీసిన గ్రూప్ ఫోటోలను కంప్యూటర్ మీద పెద్దవి చేసి చూసినప్పుడు మధ్యలో వధూవరుల ముఖాలు, కుడివైపు వారి ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. ఎడమ చివర నిలబడిన పెద్దవాళ్ల ముఖాలు మాత్రం ప్రతి ఫోటోలోనూ మసకగా ఉన్నాయి. ఆ లెన్సులో 13 గ్రూపులుగా 18 గాజులున్నాయి. వాటిలో ఒక్క గ్రూపు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, కొద్దిగా వాలినా ఫోటోలో ఒక పక్క స్పష్టత పోతుంది. దాన్ని చేతితో సరిచేయడం సాధ్యం కాదు. టెస్టు చార్టును, కొలిచే పరికరాన్ని ముందు పెట్టుకుని, సర్దుబాటుకు వీలున్న గ్రూపులను కొంచెం కొంచెంగా కదిలిస్తూ చేయవలసిన పని అది. చివరకు హైదరాబాద్‌లో ఆ పరికరాలున్న చోట చేయించుకున్నాను, ఆ తరువాత లెన్సు మళ్లీ మునుపటిలా అయింది. ఆ పెళ్లివారి ఫోటోల్లో ఎడమ చివరి ముఖాలను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఒక ఇంట్లో మూడు తరాల వాళ్లు ఒకచోట నిలబడే సందర్భం మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే ఖర్చు లెక్కలకన్నా ముందు నేను ఈ మాటే చెబుతాను.

లెన్సు తిరిగి చేతికొచ్చిన రోజునే పరీక్షించుకోండి. ఒక దినపత్రిక పేజీలను నాలుగైదు గోడకు చదునుగా అంటించి, కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సరిగ్గా ఎదురుగా ఉంచి, ఐఎస్ ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద చూస్తూ) మధ్యలో ఫోకస్ చేసి, రెండు సెకన్ల టైమరుతో ఎఫ్/4 దగ్గర 24, 50, 105 మూడింటిలోనూ తీయండి. నాలుగు మూలల్లో అక్షరాలను ఒకదానితో ఒకటి పోల్చండి. నాలుగూ సమానంగా కాస్త మెత్తగా ఉంటే అది ఈ లెన్సు స్వభావమే, ముఖ్యంగా 24 దగ్గర. ఒక మూల గానీ ఒక పక్క గానీ మిగతావాటికన్నా స్పష్టంగా మసకబారితే అలైన్‌మెంట్ తప్పినట్టు. అయితే అప్పుడే లెన్సును నిందించకండి, కెమెరాను తలకిందులుగా బిగించి మరోసారి తీయండి. గోడ మీద మసక చోటు కూడా రెండవ పక్కకు మారితే తప్పు పరికరంలో ఉంది, మారకపోతే కెమెరా గోడకు సమాంతరంగా లేదు. తరువాత అదే కెమెరాకు మరో లెన్సు తగిలించి చూడండి. దానిలోనూ అదే పక్క మసకగా వస్తే, పడినప్పుడు వంగినది కెమెరా మౌంటు. మీది కెమెరాతో సహా పడింది కాబట్టి ఈ చివరి పరీక్ష లెన్సు పంపడానికి ముందే చేయడం మంచిది, లేకపోతే ఒకదానికి చేసిన ఖర్చు రెండవదాని వల్ల వృథా అవుతుంది. మరొక సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. వ్యూఫైండర్‌తో తీసినప్పుడు మసకగా, లైవ్ వ్యూలో తీసినప్పుడు స్పష్టంగా వస్తే అది గాజుల లోపం కాదు, ఫోకస్ సర్దుబాటు సమస్య. దాన్ని చాలా కెమెరాల మెనూలోనే సరిచేసుకోవచ్చు.

16,500 ఎస్టిమేట్ గురించి ఒక మాట. అందులో 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో అడగండి, కలపకపోతే అది దాదాపు 19,500 అవుతుంది. ఏ భాగాలు మారుస్తారో పేర్లతో రాసిమ్మని, అవి కొత్తవా, మరో పాత లెన్సు నుంచి తీసినవా అని, పాత భాగాలు తిరిగి ఇస్తారా అని, పని తరువాత ఎన్ని నెలలు హామీ ఇస్తారని అడగండి. ఎస్టిమేట్ నచ్చక వెనక్కు తీసుకుంటే పరీక్ష రుసుము ఎంతో కూడా ముందే తెలుసుకోండి. ఊళ్లో మెకానిక్‌ను నేను తక్కువ చేయడం లేదు. విరిగిన ఫిల్టరు రింగు తీయడం, నొక్కుకుపోయిన అంచును సరిచేయడం, ఫ్లెక్స్ కేబుల్ మార్చడం వంటి పనులకు నేను ఇప్పటికీ వారి దగ్గరకే వెళతాను. పడిన జూమ్ లెన్సు విషయంలో మాత్రం వారిని ఒక్కటే అడగండి: బిగించిన తరువాత నాలుగు మూలలు సమానంగా ఉన్నాయని ఎలా చూస్తారు? దానికి సమాధానం ఉంటే 7,000కు చేయించడంలో తప్పు లేదు.

ఎప్పుడు కొత్తది కొనాలి? మరమ్మతు ఖర్చు మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ లెన్సు ధరలో మూడింట రెండు వంతులు దాటనంత వరకు నేను బాగుచేయించడానికే మొగ్గుతాను, ఎందుకంటే మీ లెన్సు చరిత్ర మీకు తెలుసు, కొనబోయేదాని చరిత్ర తెలియదు. జీఎస్టీ కలిపి 19,500 అయితే మీరు ఆ గీతను కొద్దిగా దాటారు. అయినా అందులో ఫ్లెక్స్ కేబుల్ కూడా ఉంటే నా ఓటు మరమ్మతుకే. ఐఎస్ యూనిట్ కూడా పోయిందని తేలినా, ముందు గాజు కాకుండా వెనుక గాజు మీద లోతైన గీతలు పడినా వదిలేయండి. ముందు గాజు మీది చిన్న గీత ఎదురు వెలుతురులో తప్ప ఫోటోలో కనిపించదు, వెనుక గాజు మీదిది కనిపిస్తుంది. చవక లెన్సుల సంగతి వేరు. ప్లాస్టిక్ మౌంటు ఉన్న పాత 50 ఎఫ్/1.8 రెండవ తరం నా దగ్గర ఒకసారి పడి రెండు ముక్కలైంది. దాన్ని బాగుచేయించే ఆలోచనే చేయకుండా, లోహపు మౌంటుతో 2015లో వచ్చిన ఎస్‌టీఎం రకం కొనుక్కున్నాను.

సెకండ్ హ్యాండే కొనేటట్లయితే పై దినపత్రిక పరీక్షను అమ్మేవారి ఎదుటే చేయండి. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా ఒకరికొకరు తెలిసిన ఫోటోగ్రాఫర్ల మధ్యే చాలా లెన్సులు చేతులు మారతాయి కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/16 మూడింటిలోనూ జూమ్ రెండు చివర్లలో తీసి ఎర్రర్ రాలేదని చూడండి. వెనుక నుంచి టార్చి వేసి ఫంగస్ తీగలున్నాయేమో చూడండి. మౌంటు వెనుక ముద్రించిన చిన్న కోడులో రెండవ అక్షరం తయారైన సంవత్సరాన్ని చెబుతుంది: ‘టి’ అయితే 2005, ‘యు’ అయితే 2006, అలా వరుసగా ‘జెడ్’ అయితే 2011. పాతది ఎంత తక్కువకు వచ్చినా ఫ్లెక్స్ కేబుల్ మార్చారా లేదా అని అడిగి, మార్చలేదంటే ఆ ఖర్చును ధరలో కలుపుకుని చూడండి.

మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకు) మారబోతున్నప్పుడు ఈ పాత లెన్సు మీద డబ్బు పెట్టడం ఎందుకని మీ మిత్రులు అన్నట్టు రాశారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. ఈఎఫ్ మౌంటులో లెన్సుకు, సెన్సారుకు మధ్య దూరం 44 మిల్లీమీటర్లు, 2018లో మిర్రర్‌లెస్ కెమెరాలకు వచ్చిన ఆర్ఎఫ్ మౌంటులో 20. మిగిలిన 24 మిల్లీమీటర్లను నింపే అడాప్టరును కెనానే తయారు చేస్తోంది, అందులో గాజు లేదు కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు, ఆటోఫోకస్, ఐఎస్ రెండూ పనిచేస్తాయి. ఇవాళ బాగుచేయించిన లెన్సు రేపటి కెమెరా మీద కూడా పని చేస్తుంది. తొందరపడవలసిన కారణం ఒకటుంది. తయారీ ఆగిపోయిన లెన్సుకు విడిభాగాలు ఎల్లకాలం దొరకవు, కాబట్టి ఎస్టిమేట్ ఇచ్చినవారి దగ్గర ఆ భాగాలు ఇప్పుడు నిల్వ ఉన్నాయో లేదో ఫోన్ చేసి రూఢి చేసుకోండి.

ఈలోగా లెన్సును కెమెరా సంచిలో వదిలేయకండి. దెబ్బ తగిలిన గొట్టంలోకి తేమ తేలికగా చేరుతుంది, మన కృష్ణా తీరపు వానాకాలపు గాలిలో అది ఫంగస్‌గా మారడానికి ఎక్కువ సమయం పట్టదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో, వీలైతే తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా ఉంచండి. దగ్గరలో ముహూర్తాలుంటే ఆ రోజులకు అద్దె లెన్సు తీసుకోండి, సర్వీస్ సెంటర్‌ను తొందరపెట్టి అలైన్‌మెంట్ పనిని కుదించమని అడగకండి. కొరియరులో పంపేటప్పుడు మూతలు రెండూ పెట్టి, గొట్టాన్ని అది ఉన్న స్థితిలోనే కదలకుండా స్పాంజితో బిగించి, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీసుకుని పంపండి. ఎర్రర్ ఏ అపర్చర్ దగ్గర వస్తోందో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి.